మీ ఇంటి ఇంగ్లిష్‌లో నిన్న, రేపు ఉన్నాయా?



పీటీఎం రోజున నా బల్ల ముందు కూర్చునేవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, టెన్సులు ఎంతవరకు అయ్యాయి?" కొందరు వర్క్‌బుక్ తెరిచి రాయకుండా వదిలేసిన పేజీలు చూపిస్తారు. ఇంకొందరు ఫోన్ తీసి, వాట్సాప్‌లో ఎవరో పంపిన పన్నెండు టెన్సుల పట్టిక చూపించి, "ఇదంతా బట్టీ పట్టించమంటారా?" అంటారు. వేరే స్కూల్లో చదివే బావగారి అబ్బాయికి మూడో తరగతిలోనే ఇవన్నీ అయిపోయాయట అన్న మాట కూడా మధ్యలో వస్తుంది.

ఫీజు కడుతున్నారు, పిల్లల కోసం ఇంత దూరం వస్తున్నారు, అడిగే హక్కు మీకుంది. సిలబస్ ఎంతవరకు వచ్చిందో డైరీ చూసి చెబుతాను. కానీ నేను మిమ్మల్ని అడగాలనుకునేది మరొకటి ఉంది. ఇంట్లో పాపతోనో బాబుతోనో మీరు మాట్లాడే ఇంగ్లిష్‌లో నిన్న ఉందా? రేపు ఉందా?

ఒక్కసారి గుర్తు చేసుకోండి. "కమ్ ఫాస్ట్." "బ్రష్ యువర్ టీత్." "ఈట్ ప్రాపర్లీ నాన్నా." "డోంట్ టచ్." "సిట్ స్ట్రెయిట్." "గో అండ్ స్లీప్." పొద్దున స్కూల్ బస్సు ఎక్కించేదాకా, రాత్రి లైటు తీసేదాకా ఇవే మాటలు. ఇవన్నీ ఆజ్ఞలు. ఆజ్ఞకు కాలం ఉండదు. ఇంగ్లిష్‌లో ఆజ్ఞ ఇవ్వడానికి క్రియ మొదటి రూపం ఒక్కటి చాలు. మేం క్లాసులో వీ1 అని పిలిచేది దాన్నే. పుట్టినప్పటి నుంచి ఇంట్లో వీ1 మాత్రమే విన్న పిల్లవాడు "యెస్టర్‌డే ఐ గో టు మార్కెట్" అంటే అందులో ఆశ్చర్యం ఏముంది? వాడు విన్నదే మాట్లాడుతున్నాడు. వాడి చెవిన ఇంగ్లిష్‌లో 'వెంట్' అన్న మాట పడే సందర్భమే ఇంట్లో లేదు.

"ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి, తెలుగు మానిపించండి" అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. కొన్ని స్కూళ్లూ చెబుతాయి. ఇంగ్లిష్‌లో ధారాళంగా కబుర్లు చెప్పగలిగే ఇళ్లకు ఆ సలహా చెల్లుతుందేమో. ఆజ్ఞలకు సరిపడా ఇంగ్లిష్ మాత్రమే ఉన్న ఇళ్లకు ఆ సలహా నష్టం చేస్తోందని నా గట్టి అభిప్రాయం. అలాంటి ఇళ్లలో తెలుగు మానేస్తే పోయేది తెలుగు ఒక్కటే కాదు, కబుర్లు పోతాయి. నిన్న పెళ్లిలో ఏం జరిగింది, రేపు ఊరికి ఎలా వెళ్తాం, తాతయ్య చిన్నప్పుడు బడికి ఎలా నడిచి వెళ్లేవారు, వాన పడకపోయి ఉంటే ఏమయ్యేది, ఇవన్నీ ఎవరూ పిల్లలతో మాట్లాడరు. తెలుగులో మాట్లాడకూడదు, ఇంగ్లిష్‌లో మాట్లాడలేరు. మిగిలేవి ఆజ్ఞలే.

దీని ఫలితం క్లాసులో నాకు కనిపిస్తుంది. నాలుగు రోజులు రాని పిల్లవాడిని ఏమైందని ఇంగ్లిష్‌లో అడిగితే "ఫీవర్ మిస్" అంటాడు. పోనీ తెలుగులోనే చెప్పమంటే, "జ్వరం మిస్. హాస్పిటల్. వచ్చేశాం" అంటాడు. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, జ్వరం వచ్చాక హాస్పిటల్‌కి వెళ్లారా లేక వెళ్లి వచ్చాక కూడా తగ్గలేదా అన్నది ఏ భాషలోనూ రాదు. అందరూ ఇలా ఉన్నారని అనను. ఉన్నవాళ్లు తెలివి తక్కువవాళ్లు కూడా కాదు, లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి. జరిగినదాన్ని వరసగా చెప్పే అలవాటు మాత్రం వాళ్లకు ఎక్కడా అబ్బలేదు. టెన్స్ అంటే ఆ వరసే కదండీ. వరస తెలియని చోట దానికి గుర్తులు ఎన్ని నేర్పినా నిలబడవు.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, బీఈడీ చేసి, ఇప్పుడు ఇంగ్లిష్ చెబుతున్నదాన్ని. కాబట్టి తెలుగు మీద అభిమానంతో ఇలా అంటున్నానని మీకు అనిపించవచ్చు. అభిమానం ఉంది, దాచుకోను. అయితే ఇక్కడ వాదిస్తున్నది ఇంగ్లిష్ కోసమే.

మీ పిల్లలకు గ్రామర్ రాదని మీరు అనుకుంటారు. వాళ్లకు ఎంత గ్రామర్ వచ్చో చూడండి. 'రా' అనే క్రియ తీసుకోండి. నాన్న వచ్చారు, నాన్న రాలేదు, నాన్న వస్తారు, నాన్న రారు, నాన్నా రండి. ఒకే క్రియకు 'రా' ఒకచోట, 'వచ్చు' ఒకచోట. ఇది 'గో', 'వెంట్' కన్నా తేలికేమీ కాదు. పైగా చేసేవారిని బట్టి చివర మారుతుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. మూడేళ్ల పాప ఇవన్నీ తడబడకుండా వాడుతుంది. అమ్మ ఎవరూ 'వచ్చు' పట్టిక రాసి గోడకు అంటించలేదు. రోజుకు వందసార్లు, అవసరమైనచోట వినబడింది, అంతే.

అదే పిల్ల ఇంగ్లిష్‌లో "షీ గో" అంటుంది. ఇంగ్లిష్ వర్తమానంలో మిగతా అందరికీ క్రియ ఒకేలా ఉండి, హీ, షీ, ఇట్ వచ్చినప్పుడు మాత్రమే చివర 'ఎస్' చేరుతుంది. అన్ని చోట్లా మార్పు ఉంటే గుర్తుంటుంది, ఒక్కచోటే ఉన్న మార్పు జారిపోతుంది. "మన తెలుగులో ప్రతి ఒక్కరికీ వేరే చివర ఉందిగా, పాపం ఇంగ్లిష్‌కు ఒక్కటే ఉంది, దాన్ని కూడా మర్చిపోతే ఎలా?" అంటే మా నాలుగో తరగతి పిల్లలు నవ్వుతారు. నవ్విన తర్వాత ఆ 'ఎస్' కాస్త ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇంకో మాట కూడా తరచూ వింటాను. "మా వాడు తెలుగులో మాట్లాడినా సగం ఇంగ్లిష్ మాటలే మేడమ్, మరి ఇంగ్లిష్ ఎందుకు రావడం లేదు?" ఇది మంచి ప్రశ్న. జవాబు వాడి మాటల్లోనే ఉంది. "బస్ మిస్ అయ్యాను", "ఫోన్ కట్ చేశాడు", "హోంవర్క్ కంప్లీట్ చేస్తున్నా", "రేపు స్టార్ట్ అవుతుంది." ఇందులో మిస్, కట్, కంప్లీట్, స్టార్ట్ అన్నీ ఇంగ్లిష్ క్రియలే. కానీ వాటిలో ఒక్కదానికైనా కాలం ఉందా? లేదు. కాలం, ఎవరు చేశారు అన్నది, అంతా 'అయ్యాను', 'చేశాడు', 'చేస్తున్నా', 'అవుతుంది' మోస్తున్నాయి. ఇంగ్లిష్ మాటను మనం సామాను సంచిలా తెచ్చి పెట్టుకుంటాం, నడిచేది మాత్రం తెలుగు క్రియే. ఇలా రోజుకు యాభై ఇంగ్లిష్ క్రియలు వాడినా, ఒక్క ఇంగ్లిష్ టెన్స్ కూడా వాడినట్టు కాదు. అందుకే ఈ పిల్లలు పూర్తి ఇంగ్లిష్ వాక్యానికి వచ్చేసరికి "ఐ యామ్ మిస్డ్ ది బస్" అంటారు. 'మిస్ అయ్యాను'లోని 'అయ్యాను' అక్కడ 'యామ్'గా కూర్చుంది. ఆ పిల్లవాడు తనకు తెలిసిన వ్యాకరణాన్నే నిజాయితీగా వాడాడు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే వాడికి తెలిసేది తప్పు అని మాత్రమే, ఎందుకు తప్పో తెలియదు. "'అయ్యాను' ఇంగ్లిష్‌లోకి రాదు నాన్నా, 'మిస్' చివర్లోనే కాలం పెట్టాలి, మిస్డ్" అని తెలుగులో ఒక్క మాట చెబితే తెలుస్తుంది.

పిల్లల తప్పులన్నీ ఇలా దేనికో దానికి అతుక్కుని ఉంటాయి. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అన్నది మన దగ్గర పెద్దవాళ్లు కూడా అనే మాటే. మనం "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అంటాం. "వస్తున్నారు", "తింటున్నారు"లో ఉన్నదీ ఆ 'ఉన్నారే'. అందుకని 'ఉన్నారు' వినగానే నాలుక 'ఇంగ్' వైపు పోతుంది. ఇంగ్లిష్‌లో జరుగుతూ ఉన్న పనికి 'ఇంగ్' కావాలి. అన్నలు ఉండటం పని కాదు కదా, అది ఉన్న సంగతి. కాబట్టి "ఐ హ్యావ్ టూ బ్రదర్స్." "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" మాత్రం సరైనదే, అక్కడ హ్యావింగ్ అంటే తింటున్నాను అని.

అలాగే 'నుంచి'. రెండేళ్ల నుంచి, సోమవారం నుంచి, చిన్నప్పటి నుంచి. మనకు అన్నిటికీ ఒకటే మాట. ఇంగ్లిష్ మాత్రం మొదలైన చోటును చెబితే 'సిన్స్' అంటుంది, ఎంత కాలమో చెబితే 'ఫర్' అంటుంది. సిన్స్ మండే, ఫర్ టూ ఇయర్స్. పిల్లలు "సిన్స్ టూ ఇయర్స్" అంటారు. వంద ఖాళీలు పూరించినా ఇది పోదు. "రెండేళ్ల నుంచి" అన్నప్పుడు మన నోట కొలత వచ్చిందా, తేదీ వచ్చిందా అని అడిగితే పోతుంది. రైలు టికెట్ ఉదాహరణ చెబుతాను. ఎక్కిన స్టేషన్ పేరు చెబితే సిన్స్, ఎన్ని గంటలు ప్రయాణం చేశావో చెబితే ఫర్.

నాకు బాగా ఇష్టమైనది 'డిడ్' సంగతి. "డిడ్ యు వెంట్?", "ఐ డిడ్ నాట్ వెంట్." మన రెండు రాష్ట్రాల్లో ఏ క్లాసులో చూసినా వినిపిస్తుంది. పిల్లవాడి లెక్క సరైనదే: నిన్నటి పని కాబట్టి వెంట్ అన్నాడు. దీనికి "డిడ్ తర్వాత వీ1 రాయాలి" అని సూత్రం చెబుతారు. సూత్రం నిజమే, కానీ ఎందుకు? ఆ జవాబు తెలుగులో ఉంది. వెళ్లాడు అంటాం. లేదు అని చెప్పాలంటే "వెళ్లాడు లేదు" అంటామా? అనం. "వెళ్లలేదు" అంటాం. 'లేదు' రాగానే 'వెళ్లాడు' తన చివర వదిలేసి 'వెళ్ల'గా మిగిలింది. ఇంగ్లిష్‌లోనూ అంతే. 'డిడ్ నాట్' రాగానే 'వెంట్' తన వేషం తీసేసి 'గో'గా మిగిలింది. కాలాన్ని ఒకరు మోస్తే చాలు, ఇద్దరు మోయక్కర్లేదు. ఇది చెప్పిన రోజు వెనక బెంచీలోంచి "అవును కదా!" అన్న గొంతులు వినిపిస్తాయి. ఇది తెలుగు రాని పిల్లలకు చెప్పలేను. ఇంట్లో 'వెళ్లలేదు' అనే మాట విని ఉంటేనే ఈ దారి తెరుచుకుంటుంది.

ఇక టెన్సుల పట్టిక దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్‌లో పన్నెండు టెన్సులు అని మనమంతా నేర్చుకున్నాం. ఆ పన్నెండు లెక్క పాఠాలు చెప్పడానికి వీలుగా కట్టుకున్నది: మూడు కాలాలు, ఒక్కోదానికి నాలుగు తీరులు. ఇంగ్లిష్‌ను లోతుగా వర్ణించిన పెద్ద వ్యాకరణ గ్రంథాలు, రాండల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు 1985లో తెచ్చినదీ, హడుల్‌స్టన్, పల్లమ్ 2002లో తెచ్చినదీ, ఇంగ్లిష్ క్రియ తన రూపం మార్చుకుని చూపించే కాలాలు రెండే అంటాయి: గో, వెంట్. ప్లే, ప్లేడ్. భవిష్యత్తుకు వేరే రూపం లేదు, 'విల్' అనే సహాయక క్రియను అరువు తెచ్చుకుంటుంది. హ్యావ్, బీ చేరినప్పుడు పని పూర్తయిందా, సాగుతోందా అన్నది తెలుస్తుంది. ఇది చెప్పి పరీక్ష పేపర్ మార్చమనడం లేదు. పన్నెండు గదులూ నిండితేనే ఇంగ్లిష్ వచ్చినట్టు అనుకోవద్దని చెబుతున్నాను. వాటిలో "ఐ షల్ హ్యావ్ బీన్ గోయింగ్" లాంటి వాక్యం మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు? మూడో తరగతి పిల్ల దాన్ని బట్టీ పట్టి ఏం చేసుకోవాలి?

ఆ పట్టికలో మొదటి పేరే పిల్లలను తికమక పెడుతుంది. సింపుల్ ప్రెజెంట్. ప్రెజెంట్ అంటే ఇప్పుడు అని చెబుతాం. కానీ "ఐ గో టు స్కూల్ బై బస్" అన్నది ఇప్పటి సంగతా? రోజూ జరిగే సంగతి. ఇలాంటిదానికి మన తెలుగు వ్యాకరణంలో చక్కని పేరుంది, తద్ధర్మ కాలం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఆవు గడ్డి తింటుంది. ఎప్పుడూ ఉండే స్వభావం, అలవాటు. మీలో తెలుగు మీడియంలో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే తెలుగులో "వస్తాడు" అన్నది రెండు పనులు చేస్తుంది. రోజూ వస్తాడు, రేపు వస్తాడు. మొదటిది ఇంగ్లిష్‌లో 'కమ్స్', రెండోది 'విల్ కమ్'. 'రోజూ' అని ముందు పెట్టి చూడు, 'రేపు' అని ముందు పెట్టి చూడు, ఏది కుదిరితే దాన్నిబట్టి ఎంచుకో అంటే సరిపోతుంది. దీనికి పాఠం కూడా అక్కర్లేదు.

మన పిల్లలకు నిజంగా కష్టమైనది ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఇక్కడ మాత్రం నిదానం కావాలి. ఎందుకంటే 'తిన్నాను' అన్న ఒక్క మాట "ఐ ఏట్" కూడా అవుతుంది, "ఐ హ్యావ్ ఈటెన్" కూడా అవుతుంది. ఇంటికి వచ్చినవారిని "అన్నం తిన్నారా?" అని అడుగుతాం. మనకు కావలసింది వాళ్లు ఎప్పుడు తిన్నారన్నది కాదు, ఇప్పుడు ఆకలితో ఉన్నారా లేదా అన్నది. అది "హ్యావ్ యు ఈటెన్?" జరిగిపోయిన పనిని ఇప్పటితో ముడి పెట్టడానికే ఆ హ్యావ్. "నిన్న రాత్రి ఏం తిన్నారు?" అంటే నిన్నటి సంగతి నిన్నటితో సరి, "వాట్ డిడ్ యు ఈట్?" వాక్యంలో నిన్న, పోయిన వారం, 2023లో అని ముగిసిపోయిన సమయం చెబితే హ్యావ్ రాదు. 'వచ్చేశారు', 'తినేశాను', 'రాసేశా' అని మనం అన్నప్పుడు చాలాసార్లు ఇంగ్లిష్‌లో హ్యావ్, హ్యాజ్ సరిపోతుంది. "నాన్న వచ్చేశారు, టీవీ కట్టెయ్" అన్నప్పుడు ఆ రాకకు, ఇప్పటి టీవీకి ఉన్న సంబంధం మీ అబ్బాయికి ఎవరూ చెప్పక్కర్లేదు.

'హ్యాడ్' కూడా ఇంతే. "నేను వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది." రెండూ జరిగిపోయినవే, వాటిలో ముందు జరిగినది బస్సు వెళ్లడం. అందుకే "ది బస్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ ఐ రీచ్డ్ ది స్టాప్." 'ఏసరికి' అన్న మాట దొరికిన చోట హ్యాడ్‌కు పని దొరుకుతుంది. మనవాళ్లు గొప్పగా వినిపిస్తుందని "లాస్ట్ మంత్ వి హ్యాడ్ గాన్ టు తిరుపతి" అంటారు. ఆ తర్వాత ఇంకేం జరిగిందో చెప్పకపోతే "వి వెంట్" చాలు.

భాషాభాగాల గురించి ఎక్కువ చెప్పను, వాటికి అంత పని లేదు. తెలుగు క్లాసులో ఐదు అని చెబుతారు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. మా క్లాసులో ఎనిమిది అంటాం. పిల్లలు అడుగుతారు, ఏది కరెక్ట్ అని. ఎనిమిది అన్న లెక్క రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు వ్యాకరణం నుంచి వచ్చింది, అందులోని ఎనిమిదీ ఇప్పుడు మనం చెప్పే ఎనిమిదీ పూర్తిగా ఒకటి కూడా కావు. అంకె కన్నా ముఖ్యమైనది, మాట ఆ వాక్యంలో ఏం పని చేస్తోంది అన్నది. "ఐ డ్రింక్ వాటర్"లో వాటర్ నామవాచకం. "వాటర్ ది ప్లాంట్స్"లో అదే మాట క్రియ. వాటర్ అంటే నౌన్ అని జాబితాలో బట్టీ పట్టిన పిల్ల రెండో వాక్యం దగ్గర ఆగిపోతుంది. వాక్యంలో చూడటం నేర్చిన పిల్ల ఆగదు.

గో, వెంట్, గాన్ అని పాడించడం మానేయమంటారా అని అడుగుతారేమో. మానక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఇలాంటి మొండి క్రియలు రెండు వందల దాకా ఉంటాయి, ఎక్కువ వాడేవి నోటికి రావడం మంచిదే. అయితే జాబితా నోటికి వచ్చినంత మాత్రాన మాటలోకి రాదు. "గో, వెంట్, గాన్" అని గడగడ చెప్పిన పిల్లే మరుక్షణం "యెస్టర్‌డే మై మమ్మీ గోయింగ్ టు హాస్పిటల్" అనడం నేను రోజూ వింటాను. మరోవైపు, మీ చిన్న పాప "ఐ గోడ్", "హీ క్యాచ్డ్" అంటే గాభరా పడకండి. నిన్నటి పనికి 'డ్' చేర్చాలని తనంతట తనే సూత్రం పట్టుకుందన్న మాట. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లలు కూడా ఆ దశ దాటే వస్తారు. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు చిన్న పిల్లలకు లేని మాటలు కల్పించి ఇచ్చి, వాటికి బహువచనం, భూతకాలం చెప్పమన్నారు. ఎన్నడూ వినని మాటలకు కూడా చాలామంది పిల్లలు సరైన చివర చేర్చి చెప్పారు. పిల్లలు చిలకల్లా అప్పజెప్పడం లేదు, లోపల లెక్క కడుతున్నారు అని దాంతో తేలింది. "గోడ్" అన్న పాపను వెక్కిరిస్తే ఆ లెక్క ఆగిపోతుంది. "ఓ, యు వెంట్! వేర్ డిడ్ యు గో?" అని మీరు మామూలుగా మాట కలిపితే చాలు, సరైన రూపం చెవిన పడుతుంది.

మీకు ఇక్కడ ఒక సందేహం రావాలి. "తెలుగులో కబుర్లు చెప్పుకుంటే ఇంగ్లిష్ ఎలా వస్తుంది? రేపు ఇంటర్వ్యూలో తెలుగులో అడుగుతారా?" అడగరు. ఇంగ్లిష్ ఇంగ్లిష్ వినడం వల్లే, చదవడం వల్లే, మాట్లాడటం వల్లే వస్తుంది. ఆ పని చేయించాల్సింది ముందు మేము. రోజూ అన్ని గంటలు మీ పిల్లలు మా దగ్గరే ఉంటారు. మా కారిడార్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడండి అని బోర్డు ఉంది, దాన్ని తీసేయమని నేను అనను. బీఈడీలో మేం చదువుకున్న ఎన్.ఎస్. ప్రభుగారి బెంగళూరు ప్రాజెక్టు, 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో జరిగింది. పిల్లలకు గ్రామర్ పాఠం చెప్పకుండా రైల్వే టైమ్‌టేబుళ్లు, మ్యాపులు ఇచ్చి, వాటిలోని చిక్కులు విప్పమనేవారు. మనసు విషయం మీద ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందన్నది దాని వెనక ఉన్న నమ్మకం. నాకు ఆ నమ్మకం ఉంది. కానీ విషయం మీద మనసు పెట్టడం, కారణం చెప్పడం, వరసగా వివరించడం ఇంట్లో ఏ భాషలో అలవాటైతే క్లాసులో అది ఇంగ్లిష్‌కు అరువు వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలన్నది. మనం ఇంగ్లిష్ మీడియం ఎంచుకున్నాం, సరే. కనీసం ఇంటి భాషను ఇంట్లోనైనా ఉండనిద్దాం.

కాబట్టి నేను అడిగేది ఇది. అన్నం తినేటప్పుడు ఇరవై నిమిషాలు టీవీ, ఫోన్ పక్కన పెట్టి తెలుగులో కబుర్లు చెప్పండి. ఇవాళ ఆఫీసులో, దుకాణంలో, పొలంలో ఏం జరిగిందో మీరు చెప్పండి, ఆ తర్వాత వాళ్లను చెప్పనివ్వండి. "ముందు ఏమైంది? నువ్వు వెళ్లేసరికి వాళ్లు ఏం చేస్తున్నారు? రాకపోయి ఉంటే ఏం చేసేదానివి?" అని అడగండి. ఇవే రేపు పాస్ట్ కంటిన్యువస్, హ్యాడ్, ఉడ్ హ్యావ్ అయి నా క్లాసులోకి వస్తాయి. అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే ఆ పని వాళ్లకు అప్పగించండి, "నానమ్మా, ఇంగ్లిష్‌లో మాట్లాడు" అని మనవళ్లు వాళ్లను గదమాయిస్తే మాత్రం ఊరుకోకండి. మీకు ఇంగ్లిష్ వస్తే, ఆ కబుర్లలో ఒక మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో తిరిగి చెప్పించండి. రాకపోతే వద్దు, ఆ మూడు వాక్యాలు నేను చెప్పించుకుంటాను. ఆజ్ఞలు ఏ భాషలో ఇస్తారో మీ ఇష్టం.

ఈ నెల పీటీఎంకు నాలుగు, ఐదు తరగతుల వాళ్లు వర్క్‌బుక్ తేనక్కర్లేదు. దానికి బదులు మీ పిల్లలు ఇంట్లో మీకు తెలుగులో చెప్పిన ఒక సంగతిని గుర్తుపెట్టుకుని రండి. ఊరి జాతర కావచ్చు, బస్సులో జరిగిన గొడవ కావచ్చు, కుక్కపిల్ల తప్పిపోయిన కథ కావచ్చు. ముందు తెలుగులో మీ ముందు చెప్పమంటాను, ఆ తర్వాత అదే ఇంగ్లిష్‌లో. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. వరస కొంచెం ఆలస్యం కావచ్చు, ఆఫీసుకు వెళ్లాల్సినవారు తొమ్మిదింటికే వచ్చి ముందుగా పేరు రాయించుకోండి.